నంగలి కనుమ నుండి బూదికోట దాకా: కోలారు సీమ కోటలు, శిథిలాలు

పలమనేరు నుండి ముళబాగిలుకు వచ్చే రహదారిలో నంగలి అనే ఊరు కలదు. ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రాల ఎల్ల దానికి సమీపంలోనే ఉంది. ప్రయాణికులలో చాలామందికి నంగలి అంటే బారులు తీరిన లారీలు, రోడ్డు పక్క టీ అంగళ్లు మాత్రమే. కాని 12వ శతాబ్దిలో హొయ్సళ విష్ణువర్ధనుని రాజ్యానికి తూర్పు హద్దు ఏదని అడిగితే ఆనాటి శాసనాలు చెప్పే పేరు ఈ నంగలి కనుమదే. ఆ తరువాత ఎన్నో రాజ్యాలు వచ్చాయి, పోయాయి. ఎల్ల మాత్రం అటూ ఇటూ జరిగి, తిరిగి తిరిగి ఇక్కడికే చేరింది.

ఇందుకు కారణం భూమి స్వభావమే. మైసూరు పీఠభూమి ఇక్కడి నుండి తూర్పుకు మెట్లు మెట్లుగా దిగుతుంది. దిగువ నుండి వచ్చే సైన్యం ఏదైనా ఈ బండకొండల నడుమ నుండే పైకి రావాలి. కనుక ఈ సీమలోని కోటలు చక్రవర్తుల వైభవం కోసం కట్టినవి కావు. ఇవి వాకిలి కోటలు. హంపి, గోలకొండ చూసి వచ్చిన కళ్లకు ఇవి చిన్నవిగా తోచవచ్చు. కాని వాకిలి ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వారిదే అన్న సంగతి ఆనాటి దండనాయకులకు బాగా తెలుసు.

ముళబాగిలు పేరులోనే ఆ అర్థం ఉంది. 'మూడల బాగిలు' అంటే తూర్పు వాకిలి. పాత శాసనాలలో ఇది ముళువాయి. విజయనగర పాలనలో ఇది ఒక రాజ్యానికి, అంటే నేటి మాటలో ఒక రాష్ట్రానికి ముఖ్యపట్టణంగా ఉండేది. బుక్కరాయల కుమారుడు కంపరాయలు 14వ శతాబ్దిలో ఇక్కడి నుండే దక్షిణ దిగ్విజయానికి కదిలి మధుర సుల్తానులను జయించాడు. ఆ యాత్రను ఆయన భార్య గంగాదేవి 'మధురావిజయం' అనే సంస్కృత కావ్యంగా రచించింది. ఆ కావ్యారంభంలో ఆమె పూర్వకవులతోపాటు తిక్కనను కూడా స్తుతించింది. ఈ సీమలోని తెలుగు పిల్లలు ఈ ఒక్క విషయమైనా తప్పక తెలుసుకోవాలి. తరువాత రెండవ దేవరాయల మంత్రి లక్కన్న దండనాయకుడు కూడా ఈ ముళువాయి రాజ్యాన్ని పాలించాడు.

కొండ మీది కోటను చూస్తే దానిని కట్టినవారి యుక్తి తెలుస్తుంది. వారు కొండంతటినీ గోడతో చుట్టలేదు. నిలువుగా లేచిన బండ ఉన్నచోట దానినే గోడగా వదిలి, బండకు బండకు మధ్య సందులలో మాత్రం రాళ్లు పేర్చారు. వాన నీరు నిలిచే దొనలే కావలివారి బావులు. దిగువన ఊరిలో ఆంజనేయస్వామి ఆలయం, హైదర్ వలీ దర్గా, ఊరి వెలుపల శ్రీపాదరాజ మఠం ఉన్నాయి. కోటను నమ్ముకొని వచ్చినవారు ఎన్ని విధాలవారో వీటిని చూస్తేనే అర్థమవుతుంది.

ఈ బండల నడుమ 1768 అక్టోబరు 4న జరిగిన యుద్ధం చిత్రమైనది. మొదటి మైసూరు యుద్ధకాలంలో ముళబాగిలు కోట ఆంగ్లేయుల చేతికి చిక్కింది. దాని కావలిని వారు ఆర్కాటు నవాబు సైనికులకు అప్పగించగా, లోపలివారి ద్రోహం వల్ల అది మరల హైదరలీ వశమైంది. తిరిగి పట్టుకోవడానికి కర్నల్ వుడ్ వచ్చాడు. దిగువ కోట దక్కింది గాని కొండ కోటకు నిచ్చెనలు వేసి విఫలుడయ్యాడు. ఇంతలో హైదరు తన సేనతో వచ్చి చుట్టుముట్టాడు. వుడ్ సైన్యం బండల సందులలో చెదరిపోతున్న వేళ, సామాను కాపలాకు వెనుక మిగిలిన కెప్టెన్ బ్రూక్ నాలుగు కంపెనీలతో, రెండు ఫిరంగులతో చాటుదారిన ఒక చదును బండ ఎక్కి, ఫిరంగులు పేల్చి, 'స్మిత్! స్మిత్!' అని తన వారందరిచేత జయజయధ్వానాలు చేయించాడు. కర్నల్ స్మిత్ పెద్ద సేనతో వచ్చాడని భ్రమించి హైదరు సేన వెనుకంజ వేసింది. మోసం తెలిసి మళ్లీ విరుచుకుపడేసరికి వుడ్ తన సైన్యాన్ని కూడదీసుకున్నాడు. ఒక మనిషి పేరు ఒక సేనను కాపాడింది. కాని కొండ కోట మాత్రం నాడు ఆంగ్లేయులకు దక్కలేదు.

ఆ హైదరలీ పుట్టినది ఈ సీమలోనే. బంగారుపేట తాలూకాలోని బూదికోట ఆయన జన్మస్థలం. ఈ ఊరికి విభూతిపురమనే సంస్కృత నామం కూడా ఉంది. ఆయన తండ్రి ఫతే మహమ్మద్ సిరా నవాబు కింద కోలారు ఫౌజ్‌దారు. బూదికోట ఆయనకు జాగీరుగా లభించింది. మైసూరును ఏలి, కుంఫిణీ వారిని గడగడలాడించిన వీరుని పుట్టిన ఊరు ఇదేనా అని చూడవచ్చినవారు ఆశ్చర్యపడతారు. కొండ మీద కూలిన గోడలు, ముళ్లపొదలు తప్ప అక్కడ గొప్పగా చెప్పుకొనే కట్టడమేదీ లేదు.

హైదరు 1782 డిసెంబరులో చిత్తూరు సమీపంలోని విడిదిలో మరణించాడు. టిప్పు అప్పుడు దూరాన మలబారు వైపు ఉన్నాడు. సైన్యంలో కలవరం రేగకుండా మరణవార్తను దాచి, శవాన్ని ఒక పెట్టెలో ఉంచి, ఖజానా పెట్టెను పంపినట్లే కావలితో కోలారుకు తరలించారు. అక్కడ తండ్రి సమాధి చెంత కొంతకాలం ఉంచి, పిదప శ్రీరంగపట్నానికి చేర్చారు. కోలారులో మక్బరా అని పిలిచే ఆ ఆవరణ నేటికీ ఉంది. కోలారమ్మ దర్శనానికి వెళ్లేవారిలో అక్కడికి కూడా వెళ్లేవారు తక్కువే.

కోలారు కథ ఇంకా పాతది. కువలాలపురమనే పేరుతో ఇది గంగరాజుల తొలి రాజధాని. వారు తలకాడుకు తరలిన తరువాత కూడా 'కువలాలపురవరేశ్వర' బిరుదును విడువలేదు. కోలారమ్మ ఆలయంలోని తమిళ శాసనాలు చోళులవి. అక్కడే తేలు రూపంలో పూజలందుకొనే చేళమ్మకు భక్తులు నేలలోని రాతి హుండీలో కానుకలు వేస్తారు. 1639లో బిజాపురం వారు కోలారును పట్టుకొన్నది మొదలు ఇది షాజీ జాగీరుగా, మొగలుల సిరా సుబాలో భాగంగా, మరాఠాల చేత, కడప నవాబు చేత, నిజాం సోదరుడు బసాలత్ జంగు చేత నలిగి, 1761లో హైదరుకు దక్కింది. 1768లో ఆంగ్లేయులు, 1770లో మరాఠాలు, 1791లో కారన్‌వాలీసు పట్టుకోగా, 1792 సంధితో మరల మైసూరుకు చేరింది. ఇన్నిసార్లు దొరలు మారిన సీమలో రైతు ఎవరికి పన్ను కట్టాడో, ఒకే పంటకు ఎందరికి కట్టాడో చరిత్ర గ్రంథాలు అంతగా పట్టించుకోలేదు.

కోటలకంటే గుడులు, చెరువులే ఎక్కువకాలం నిలిచాయనడానికి ఆవని సాక్ష్యం. సీతమ్మ లవకుశులను కన్నది ఇక్కడేనని జనశ్రుతి. నొళంబుల కాలంలో ఆ క్షేత్రాన్ని త్రిభువనకర్తార అనే శైవాచార్యుడు నలభై ఏళ్లు పాలించి, యాభై గుడులు కట్టించి, రెండు పెద్ద చెరువులు తవ్వించి 961లో పరమపదించాడని అక్కడి శాసనం. కత్తి పట్టని పాలకుడు ఇంత పని చేశాడు. విజయాదిత్యమంగళం అనే పాత పేరు గల బేతమంగళం చెరువు సంగతీ అంతే. బంగారు గనుల పట్టణం తాగిన నీరు దానిదే.

గనుల కథ కూడా ఈ ఎల్లతోనే ముడిపడి ఉంది. 1799లో టిప్పు పడిపోయిన తరువాత మైసూరుకు కొత్త సరిహద్దులు నిర్ణయించారు. తూర్పు ఎల్ల కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఇక్కడి మట్టిలో బంగారముందన్న మాట విని బహుమానం ప్రకటించాడు. ఉరిగాం గ్రామస్థులు బండెడు మట్టి తెచ్చి ఆయన ఎదుటే కడిగి బంగారు రేణువులు చూపారు. మారికుప్పం దగ్గర పాతకాలపు తవ్వకాలను కూడా ఆయన చూశాడు. 1880లో జాన్ టేలర్ సంస్థ రావడం, 1902లో శివనసముద్రం విద్యుత్తు అందడం, ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగడం తరువాతి మాట. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. షాఫ్టుల మీద నిలిచిన ఇనుప చట్రాలు ఈ సీమ శిథిలాలలో చివరగా చేరినవి. ముళబాగిలు బురుజును చూసి 'ఎవరు కట్టారో' అనుకొనే పిల్లవాడు, తాత పని చేసిన షాఫ్టును చూసి కూడా అదే మాట అనే రోజు ఎంతో దూరంలో లేదు.

శిథిలాలను కాలమొక్కటే కూల్చడం లేదు. నిధుల ఆశతో గర్భగుడి నేలను, కోట గోడల మొదళ్లను తవ్వుతున్నారు. గ్రానైటు కోసం గుట్టలకు గుట్టలు తరిగిపోతున్నాయి. ఆలమందలను కాపాడుతూ చనిపోయినవారికి ఊరు నిలిపిన వీరగల్లు ఒకచోట బట్టలు ఉతికే బండ అయింది, మరొకచోట కాలువ మీద పలక అయింది. శాసనానికి సున్నం పూయడం భక్తి అనుకొనేవారూ ఉన్నారు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు: కోటలను శత్రువులు కూల్చినదానికంటే వారసులు కూల్చినది తక్కువేమీ కాదు.

ఏది పోయిందో తెలుసుకోవడానికి ఒక మార్గం మాత్రం ఉంది. బి.ఎల్. రైసు దొర 1905లో వెలువరించిన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదవ సంపుటం మొత్తం కోలారు జిల్లా శాసనాలదే. కన్నడం, తమిళం, తెలుగు, సంస్కృతం అన్నీ అందులో ఉన్నాయి. తాలూకాల వారీగా ప్రతి రాతికీ ఒక సంఖ్య, అది ఏ ఊరిలో ఎక్కడ ఉన్నదీ రాసి ఉంది. పూర్వ విద్యార్థులు తమ ఊరి రాయిని ఆ జాబితాలో వెతికి, అది నేటికీ ఆ చోట ఉందో లేదో చూసి రావచ్చు. ముళబాగిలు వైపువారికి వెతకడం సులభమే. గనుల చుట్టుపక్కల ఊళ్లవారు మాత్రం బంగారుపేట అని కాక, ఆనాటి పేరైన బౌరింగ్‌పేట కింద చూడాలి.