బచ్చలింట్లో ఊపిరాడాలి



ఈవేళ స్నానాల గది చరిత్ర చెప్పుకుందాం. "దానికీ ఒక చరిత్రా?" అని నవ్వకండి. సోమందేపల్లెలో మా మేనత్తకు కొడుకు ముచ్చటపడి కొత్త స్నానాల గది కట్టించాడు. గోడలకు నిగనిగలాడే రంగు, ప్లైవుడ్ తలుపు, నేలంతా ఫినాయిల్, గూట్లో నాఫ్తలీన్ ఉండలు. అత్త గడప దాటిందో లేదో, తల తిరిగి గొంతు పట్టేసింది. "ఆ వాసన నా ఊపిరి తీస్తాదమ్మా, నా పాత బచ్చలే నాకు చాలు" అంది. ఇంట్లోవాళ్ళు చాదస్తమన్నారు. చాదస్తమేనా?

ఆ పాత బచ్చలి ఎట్లా ఉండేదో మీలో చాలామందికి తెలుసు. పెరట్లో ఒక రాతిబండ, చుట్టూ సున్నం పూసిన గోడ, పైన ఆకాశం. ఒంటికి సున్నిపిండి, తలకు సీకాయ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో చెంబెడు నీళ్ళు కూడా వృథా పోనిచ్చేవారు కాదు. పోసుకున్న నీళ్ళు కాలువ వెంట అరటిపాదుకు చేరేవి. చెట్టుకు పనికొచ్చే నీళ్ళలో విషం ఉండకూడదు కదా! ఆ లెక్కే మన ఒంటినీ కాపాడింది.

అలాగని పాతదంతా బంగారమని నేననను. నీళ్ళపొయ్యి పొగ ఎందరి రొమ్మునో పాడుచేసింది. అవాంఛిత రోమాలు పోవడానికి పూర్వం సున్నంతో కలిపి రాసుకున్న హరిదళం అచ్చమైన పాషాణం.

మరి ఈ ఘాటు వాసన మన ఇళ్ళలోకి ఎప్పుడొచ్చింది? 1867లో జోసెఫ్ లిస్టర్ అనే వైద్యుడు కార్బాలిక్ ఆమ్లంతో పుండ్లు చీముపట్టకుండా కాపాడవచ్చని ప్రకటించాడు. ఎందరి ప్రాణాలో నిలిచాయి. 1877లో జాన్ జేస్ అనే ఆయన తారునుంచి తీసిన క్రిమినాశక ద్రవానికి ఇంగ్లండులో పేటెంటు పొందాడు. ఆసుపత్రి వాసన అలా ఇంటి వాసనయింది. ముక్కుపుటాలు అదిరితేనే శుభ్రమని మనకు నమ్మకం కుదిరింది. నిజానికి మురికిని వదిలించేది సబ్బూ, నీళ్ళూ, చేతి రాపిడీ, వాసన కాదు.

అత్తలాంటివాళ్ళ బాధను అమెరికాలో థెరాన్ రాండాల్ఫ్ అనే వైద్యుడు 1962లో ఒక పుస్తకంగా రాశాడు. 1987లో మార్క్ కల్లెన్ దానికి 'బహుళ రసాయన అసహనం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కారణంమీద వైద్యులింకా వాదించుకుంటూనే ఉన్నారు. వాసన తెలియకుండా చేసిన పరీక్షల్లో చాలామంది రసాయనాన్ని గుర్తుపట్టలేకపోయారు కూడా. అయినా పడేవాళ్ళ బాధ అబద్ధం కాదు. ఇక నాఫ్తలీన్ సంగతంటారా, పుట్టుకతో ఒక ఎంజైము తక్కువైన పసివాళ్ళకు అది రక్తకణాలను చిదిపి కామెర్లు తెస్తుంది. ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ను 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది.

చివరికి మేం ఏం చేశామో చెబుతాను. నేలకు తాడిపత్రి బండలు పరిచి, నీళ్ళు నిలవకుండా వాలు పెట్టించాం. గోడల రంగు గీకించి సున్నం కొట్టించాం. సున్నపు క్షారగుణానికి బూజు తొందరగా పట్టదు. సున్నం విరిసేటప్పుడు మాత్రం అత్తను దూరంగా ఉంచాం. ఆ పొడీ ఆవిరీ కళ్ళకూ రొమ్ముకూ చెరుపే. ప్లైవుడ్ తీసేసి, రంగు పూయని పాత వేపచెక్క తలుపు బిగించాం. ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించాం. తడి ఆరిపోతే మందుల అవసరమే తగ్గిపోతుంది. కడగడానికి వాసనలేని సబ్బు, వంటసోడా, కొబ్బరిపీచు. ఇంకోమాట అందరూ గుర్తుంచుకోండి: బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి, ప్రాణం తీసే క్లోరిన్ పుడుతుంది.

గది ఆరనిచ్చి, కొన్ని వారాల తర్వాత అత్తను ఊరికే కాసేపు కూర్చోమన్నాం. దగ్గు రాలేదు. మర్నాడు నీళ్ళు పోసుకుంది. సీకాయ కూడా అందరికీ పడదు సుమా! ఒక్కొక్క వస్తువునే పెట్టి చూసుకోవాలి.

మీ ఇంట్లోనూ ఎవరైనా "ఆ వాసన పడదు" అంటే నవ్వకండి. ముందు ఆ సీసా మూత పెట్టి, కిటికీ తెరవండి.