శీర్షికకు ఇద్దరు పాఠకులు

మోటారు కారును గురించి రాసేవాడికి ఎప్పుడూ ఇద్దరు పాఠకులుంటారు. ఒకరికి ఇరుసులూ, పిస్టన్లూ, గేర్లూ కావాలి. రెండోవారు ఏనాడూ బానెట్ ఎత్తి చూడలేదు; వారికి కావలసింది మనుషుల సంగతి. ఒక్క పంక్తితో ఈ ఇద్దర్నీ ఆపి చదివించాలి. ఈ విద్యలో అమెరికాలో ముందుగా ఆరితేరినవాళ్లు పత్రికా రచయితలు కారు, సరుకు అమ్ముకునేవాళ్లు.

1923లో నెడ్ జోర్డాన్ అనే కార్ల వ్యాపారి తన 'ప్లేబాయ్' కారు ప్రకటనకు 'లారమీకి పడమట ఎక్కడో' అని శీర్షిక పెట్టాడు. కింద గుర్రాలను లొంగదీసే ఒక పడుచు, మైదానాలు, గాలి. ఇంజను ఊసే లేదు. వ్యాపార ప్రకటనల చరిత్రలో దీన్ని గొప్పగా చెప్పుకుంటారు గాని, నా లెక్కలో ఇది సగం విద్యే. యంత్రం తెలిసినవాడికి ఇందులో దొరికేది శూన్యం. జోర్డాన్ కంపెనీ 1931లో మూతపడింది.

మిగతా సగాన్ని 1958లో డేవిడ్ ఓగిల్వీ పూరించాడు. గంటకు 60 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు ఈ కొత్త రోల్స్ రాయిస్‌లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు విద్యుత్ గడియారానిదే అన్నది ఆ శీర్షిక సారాంశం. ఆ మాట ఆయన సొంతం కాదు. 'ది మోటార్' అనే ఇంగ్లీషు పత్రిక సాంకేతిక సంపాదకుడు కారు నడిపి చూసి రాసిన నివేదికలోది. ఓగిల్వీ గొప్పతనమంతా దాన్ని ఏరుకోవడంలోనే ఉంది. ఇంజనీరు ఆ వాక్యంలో పనితనాన్ని చూస్తాడు. గడియారం టిక్కుటిక్కు వినని సామాన్యుడంటూ ఎవరూ లేడు. ఒక వాస్తవం, రెండు చెవులు.

అయితే ఆ నిశ్శబ్దం ఎవరికోసం? కారు లోపల కూర్చున్న ధనికుడి కోసం. తలుపు బయట రోడ్డు మీద ఏం జరుగుతున్నదో ఆ శీర్షిక వినదు, విననివ్వదు.

మరుసటి ఏడే, 1959లో, 'ది నేషన్' వారపత్రికలో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది వ్యాసం వచ్చింది. 'మీరు కొనలేని సురక్షితమైన కారు' అని దాని పేరు. ఓగిల్వీ పట్టుకున్న కిటుకే ఇక్కడా ఉంది, కాకపోతే తలకిందులుగా. 1957లోనే కార్నెల్ పరిశోధనశాలా, లిబర్టీ మ్యూచువల్ అనే బీమా కంపెనీ కలిసి ప్రాణరక్షణ కోసం ఒక నమూనా కారును తయారు చేసి చూపించాయి. విషయం తెలిసినవాడు ఆ శీర్షికలో 'సురక్షితమైన కారు' దగ్గర ఆగుతాడు. తెలియనివాడు 'కొనలేని' దగ్గర ఆగి, ఎందుకు కొనలేను అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు యంత్రశాస్త్రంలో లేదు. లాభాల లెక్కలో ఉంది.

1965 నవంబరులో నాడర్ పుస్తకం వెలువడింది: 'ఏ వేగంలోనైనా అపాయమే'. ఆ ఏడు అమెరికా రోడ్ల మీద సుమారు 47 వేలమంది చనిపోయారు. తప్పంతా నడిపేవాడిదే, అతివేగానిదే అని అప్పటిదాకా కంపెనీల పాట. వేగం అన్న మాటనే తీసుకుని, దాన్ని వాళ్లమీదికే తిప్పికొట్టింది ఆ పేరు. మన పత్రికలను తిరగేసి చూడండి: 'మితిమీరిన వేగం', 'డ్రైవర్ నిర్లక్ష్యం', 'మృత్యుశకటం'. బండి ఎట్లా తయారైంది, రోడ్డు ఎవరు వేశారు అనే ప్రశ్నలకు శీర్షికలో చోటు దొరకడం అరుదు.

ఆ పుస్తకం మొదటి అధ్యాయం జనరల్ మోటార్స్ వారి కార్వైర్ మీద. ఇంజను వెనక ఉన్న బండి అది. గట్టి మలుపులో వెనక చక్రం లోపలికి మడుచుకుని, కారు అదుపు తప్పవచ్చునని నాడర్ ఆరోపణ. కార్ల పిచ్చివాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. చక్రం అట్లా మడవకుండా ఆపే అదనపు పట్టీని బయటి దుకాణాల్లో కొని బిగించుకున్నవారున్నారు. 1964 నమూనాకు కంపెనీయే ఒక కడ్డీని చేర్చింది. అంటే జ్ఞానం ఉన్నది, కాని ఒక ముఠాలోనే తిరుగుతున్నది. పిల్లలను ఎక్కించుకుని బజారుకు పోయే తల్లికి అది చేరలేదు. ఇద్దరు పాఠకులకూ ఒకే శీర్షిక పెట్టడమంటే ఈ అడ్డుగోడను పగలగొట్టడం.

గోడ పగిలితే ఏమవుతుందో కంపెనీకి బాగా అర్థమైంది. నాడర్ వెంట గూఢచారులను పెట్టింది. సంగతి బయటపడ్డాక, 1966 మార్చిలో సెనేటు ఉపసంఘం ముందు కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోష్ క్షమాపణ చెప్పవలసివచ్చింది. ఆ ఏడే మోటారు వాహనాల భద్రతా చట్టం వచ్చింది.

ఇంకొక మాట దాచకూడదు. 1972లో ప్రభుత్వ భద్రతా సంస్థ పరీక్షలు జరిపి, 1960-63 కార్వైర్ తోటి కార్లకంటే ప్రత్యేకించి ప్రమాదకరం కాదని తేల్చింది. దీన్ని చూపి నాడర్ ఓడిపోయాడని సంబరపడేవారు నేటికీ ఉన్నారు. తోటి కార్లు మాత్రం ఎంత భద్రంగా ఉండేవో వారు చెప్పరు.