నౌపడనుండి గిడుగువారి పట్టణమునకు

మా నౌపడకు సమీపమున తేలినీలాపురమను గ్రామము కలదు. ఏటేటను శరదృతువునాటికి గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును అచటికి వచ్చి, చెట్లపై గూళ్ళు కట్టుకొని, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదురునప్పటికి మరలిపోవును. గత మార్గశిరమాసమున నా భార్య ఇరుగుపొరుగువారితో పోయి ఆ పక్షులను చూచి వచ్చినది. వచ్చి కూర్చుండి, "ఏమండీ, పక్షులైనా ఏడాదికోసారి ఊరు మారతాయి. పెళ్ళయిన దగ్గర్నుంచి మనం సెలవల్లో ఎక్కడికైనా వెళ్ళేమా?" అని యడిగినది.

నాకు సమాధానము దొరకలేదు. వేసవి సెలవులలో జవాబుపత్రముల మూల్యాంకనము, దసరా సెలవులలో ప్రత్యేక తరగతులు, సంక్రాంతికి చుట్టములు. ఉద్యోగ విరమణానంతరము ఈ సాకులేవియు మిగులలేదు. ఎచటికి పోవుదమనగా, "మనకు తెలియని ఊరికి" అనినది. కాశీ ప్రయాణమునకు ఇరువురి మోకాళ్ళును సమ్మతింపవు. తుదకు నేను పర్లాకిమిడి యంటిని. ఆమె నవ్వినది. నలువది కిలోమీటర్ల దూరముననున్న పట్టణమును తెలియని ఊరనుట నవ్వులాటయే. అయినను అది నిజము. గుణుపురము పోవునపుడు రైలు కిటికీనుండి చూచుటయే కాని, అచట దిగి ఒక్కరాత్రియైన గడపి యెఱుగము. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారి జయంతినాడు ఏటేటను పిల్లల యెదుట ఉపన్యసించిన తెలుగు పండితుడను, ఆయన బ్రదుకున చాలభాగము గడపిన యూరిని చూడకుండుట నాకే సిగ్గనిపించినది.

ఈ ప్రయాణమునకు దారి కల్పించినది పర్లాకిమిడి ప్రభువులే. 1893–96 సంవత్సరముల నడుమ విజయవాడనుండి కటకమునకు తూర్పుతీరపు రైలుమార్గము పడినది. ఉప్పుమళ్ళకు పేరొందిన నౌపడ ఆ మార్గమున నొక స్టేషను. పర్లాకిమిడి మాత్రము 25 మైళ్ళ లోపల కొండల చెంత నుండిపోయినది. అప్పటి ప్రభువు గౌరచంద్ర గజపతి నారాయణదేవుగారు ఆంగ్లప్రభుత్వపు అనుమతి పొంది, సుమారు 7 లక్షల రూపాయల వ్యయముతో తమ రాజధానిని నౌపడతో కలుపు చిన్నరైలును వేయించిరి. పట్టాల నడుమ ఎడము 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. 1900 ఏప్రిల్ 1వ తేదీన ఆ రైలు నడచినది. తొలి సంవత్సరములలో నష్టమే మిగిలినది. 1910 తరువాత కొలదిగ లాభము కనిపించినది. అటుపిమ్మట 1929, 1931లలో రెండు విడతలుగా మార్గము గుణుపురము వరకు సాగినది.

మా తరమువారు బాల్యమున ఆ బండిని ఎక్కినవారే. అది మెల్లగా పోవుచుండగా దిగి, నాలుగడుగులు నడచి, మరల ఎక్కిన గడుసు పిల్లలు ప్రతి తరగతిలోను నుండిరి. 2004 జూన్ నెలలో చిన్నరైలు నిలిచిపోయినది. పెద్దపట్టాలపై పర్లాకిమిడికి 2010లోను, గుణుపురమునకు 2011లోను రైళ్ళు నడువసాగినవి. కావున ఈమారు మేమెక్కినది పెద్దరైలే. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం — పేర్లు మాత్రము పాతవే. మంచుపొరలో వరికుప్పలు, కొండలు వెనుకకు పోవుచుండెను. పాతపట్నమున పేరుపలకపై తెలుగక్షరములున్నవి. కొలది నిమిషములలో పర్లాకిమిడి వచ్చినది; అచటి పలకపై ఒడియా అక్షరములు. ప్లాటుఫారముమీది మాటలు మాత్రము మారలేదు. బుట్ట దింపుమని కోడలిని కేకవేసిన ముసలమ్మ భాష మా ఊరి భాషయే.

ఆ పలకల నడుమ నున్న సరిహద్దు 1936 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడినది. చిన్నరైలు పుట్టినరోజును అదియే యగుట యాదృచ్ఛికము. అంతకుముందు ఇదంతయు చెన్నరాజధానిలోని గంజాం జిల్లా. బడులలోను, కచ్చేరీలలోను తమ భాషకు చోటు లేదని గంజాములోని ఒడియావారు చిరకాలము బాధపడిరి. 1903లో కటకమున ఆరంభమైన ఉత్కళ సమ్మేళనము వారి కోరికకు గొంతునిచ్చినది. ఆ బాధ నిజమైనదే యని తెలుగువారము ఒప్పుకొనవలెను. పర్లాకిమిడి ప్రభువు కృష్ణచంద్ర గజపతిగారు లండనులో 1930లో ఆరంభమైన రౌండుటేబులు సమావేశమున ఒడియావారికి ప్రత్యేకరాష్ట్రము కావలెనని వాదించిరి. పిదప 1937లో ఆ రాష్ట్రమునకు ప్రథమ ప్రధానియైరి. తమ సంస్థానమంతయు ఒడిశాలో చేరవలెనని వారి యభిలాష. తాలూకాలో తెలుగువారు పెక్కుమంది యున్నారని గిడుగువారు ఎదురు నిలిచిరి. ఫలితముగా తాలూకాలో చాలభాగము ఇటే నిలిచినది. పట్టణమును, దాని చుట్టుపట్ల గ్రామములును అటు పోయినవి. డెబ్బదిమూడవయేట గిడుగువారు ఆ దినముననే పట్టణమును విడిచి, రాజమహేంద్రవరమున నున్న కుమారునికడకు చేరిరి. 1940 జనవరి 22న అస్తమించిరి.

ఆ యూరితో వారి బంధము ఎంతటిదో చెప్పనిదే ఆ విడుచుటలోని బరువు తెలియదు. శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగువారు 1880లో ముప్పది రూపాయల జీతముపై రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా చేరిరి. 1896లో అది కళాశాల కాగా పై తరగతులకు చెప్పిరి. 1911లో విరమించిరి. పరిసరపు కొండలనుండి సంతకు దిగు సవరలను చూచి, వారి భాష నేర్వదలచి, సవర మాటలాడువానిని ఇంట నుంచుకొని నేర్చిరి. లిపిలేని ఆ భాషకు పాఠపుస్తకములు కూర్చి, సొంతధనముతో బడులు పెట్టి, సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. అడవిజ్వరము పట్టగా పుచ్చుకొన్న క్వినీను వలన వినికిడి పోయినది. చెవులు పోగొట్టుకొన్నది పరుల మాటను వినుటకే! సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్రాత లేని భాషకును నిండైన వ్యాకరణ మున్నదని కన్నులార చూచినవాడు, తెలుగుపిల్లవాని నోటిమాట తప్పని యెట్లు ఒప్పుకొనును? వ్యావహారికభాషోద్యమపు వేరు ఈ కొండల చెంతనే యున్నదని నా నమ్మకము.

సాయంకాలము మహేంద్రతనయ యొడ్డున కూర్చుంటిమి. మహేంద్రగిరి కూతురు కనుక ఆ నదికి ఆ పేరు; పోయి వంశధారలో కలియును. నీరు తక్కువ, చలి యెక్కువ. తీరముననున్న బృందావన ప్రాసాదము పొద్దువాలు వెలుగులో నిలిచియున్నది. మరునాడు కళాశాల భవనమును బయటనుండి చూచితిమి. నా భార్య కొంతసేపు నిలువబడి, "ఇక్కడేనా ఆయన పాఠం చెప్పింది?" అని మెల్లగా అడిగినది. ఆపై బజారునకు పోయితిమి.

పర్లాకిమిడి కొమ్ముపనికి ప్రసిద్ధి. గేదెకొమ్మును కాచి, చదునుచేసి, మెరుగుపెట్టి దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేయుదురు. మేము దువ్వెన యొకటియు, కొంగ యొకటియు కొంటిమి. అంగడి పెద్దాయన మా మాట విని, "ఏ ఊరండి?" అని యడిగెను. నౌపడ యనగా ముఖము విప్పారినది. "అలాగేటండి! నౌపడ ఉప్పు తినే కదండీ పెరిగినాం" అనుచు చీటీ వ్రాసి యిచ్చెను. చూతునుగదా, అంతయు ఒడియా లిపి. తెలుగున వ్రాయరా యని యడిగితిని.

"రాయడం రాదండి. బళ్ళో నేర్చింది ఒడియా. తెలుగు మాటాడ్డం మా అమ్మ నేర్పింది. ఆవిడ బడికెల్లలేదు కదండీ, రాత ఎలాగ నేర్పుతాది?"

మరి పిల్లల మాటేమంటిని. "ఇంట్లో తెలుగే. బైట ఒడియా. ఫోన్లో మాత్రం తెలుగుని ఇంగ్లీషచ్చరాలతో కొడతారు" అని నవ్వెను.

ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకొంటిని. లిపి ఆ యింటినుండి పోయి తరములైనది; మాట పోలేదు. భాష పలుకువాని నోట నుండును, వ్రాత దాని వెంట నడచునది యని గిడుగువారు చేసిన వాదమునకు వారు విడిచిపోయిన యూరే సాక్ష్యము చెప్పుచున్నది. సరిహద్దు గీచినవారికి అది అందలేదు.

ఆ రాత్రి బసలో నిదురపట్టలేదు. ఉద్యోగపు తొలినాళ్ళలో నొక పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. 'మా ఊరు' అను వ్యాసమున వాడిట్లు వ్రాసెను: "మా నాయిన తెల్లారగట్ల లెగిసి ఉప్పుమడికెల్నాడు. ఉప్పునీట్లో నిలబడి కాళ్ళు చిట్లిపోనాయి." నేను ఎఱ్ఱసిరాతో 'లెగిసి'ని, 'ఎల్నాడు'ను, 'పోనాయి'ని చుట్టి, పైన ఒప్పులు వ్రాసి, 10కి 3 ఇచ్చితిని. ఆ తండ్రి కాళ్ళు నా కంటబడలేదు. తరువాతి పరీక్షలో వాడు గైడునుండి 'నా అభిమాన నాయకుడు' తప్పులేకుండ దింపెను. 8 ఇచ్చితిని. నౌపడలో పుట్టి, ఉప్పుమళ్ళ గట్లపై తిరిగి పెరిగినవాడను నేను చేసిన పని యిది.

అప్పటికి గ్రాంథికవాదము ఓడిపోయి ఎన్నడో అయినది. పాఠ్యపుస్తకములన్నియు వ్యావహారికముననే యున్నవి. ఐనను శిష్టవ్యావహారికమనునది కృష్ణాగోదావరుల నడుమ స్థిరపడి, మా కళింగాంధ్రపు మాటకు మరియొక గ్రాంథికమై కూర్చుండెను. గిడుగువారు కోరినదియు శిష్టుల వాడుకయే యనుట నిజము. కాని సవరవాని నోటినుండి వ్యాకరణమును నేర్చినవారు, ఆ పిల్లవాని పలుకును ఎఱ్ఱసిరాతో చుట్టరు. 'పోనాయి' అను క్రియ యెట్లేర్పడినదని వానినే కూర్చుండబెట్టి అడుగుదురు.

మెలకువగానే యున్న నా భార్యకు ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంతతడవు మాటాడలేదు. పిమ్మట, "పెళ్ళైన కొత్తలో నేను 'పాలు పొంగిపోనాయి' అంటే నన్నూ దిద్దేరు, గుర్తుందా? అప్పట్నుంచి మా అమ్మ దగ్గరే అనేదాన్ని. అమ్మ పోయాక ఇంకెవరితో అంటాను?" అనినది. నిష్ఠూరముగా ననలేదు, ఉన్న సంగతి చెప్పినది. నాకు గుర్తులేదు. దిద్దినవానికి గుర్తుండదు.

ఈ వ్యాసమును నేను ఈ భాషలోనే వ్రాయుట చూచి చదువరులు నవ్వవచ్చును. పండిత శిక్షణమున చేతికి పట్టుబడిన వ్రాత యిది, ఇక మారుననుకొనను. ఈ వ్రాతపై నాకిప్పటికిని ప్రేమ కలదు. అది తప్ప తక్కినదెల్ల తప్పనుట మాత్రము మానుకొంటిని.

మూడవనాడు తిరుగురైలు ఎక్కితిమి. ఉదయపు మంచులో పర్లాకిమిడి క్రమముగా వెనుకబడి, పాతపట్నపు తెలుగుపలక కనిపించినది. నా భార్య కిటికీకి ముఖము చేర్చి చూచుచు, "ఎల్లిపోనాదండీ ఊరు" అనినది. అని, నా వైపు తిరిగినది.

నేను దిద్దలేదు. "ఎల్లిపోనాది" అంటిని.

నౌపడలో దిగునప్పటికి ఎండ వచ్చినది. స్టేషనుకు ఆవల ఉప్పుమళ్ళలో మనుష్యులు రాబోవు పంటకు మళ్ళు త్రొక్కి గట్టిపరచుచుండిరి. ఇంటికి పోవక కొంతసేపు గట్టున నిలిచి వారి కాళ్ళవైపు చూచితిని.