యాగంటి బసవన్నకు అంగుళం లెక్క ఎవరు కట్టారు?

యాగంటి గుడిలోని రాతి నంది బసవన్న మీద ఏ వ్యాసం చూసినా అదే మాట: ఇరవై ఏళ్లకు అంగుళం చొప్పున పెరుగుతున్నాడని పురావస్తు శాఖ తేల్చిందట. ఏ సంవత్సరంలో కొలిచారు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు, మొదటి కొలత ఎంత? ఈ మూడూ చెప్పిన వ్యాసం ఒక్కటీ నా కంటపడలేదు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ వచ్చారు. బనగానపల్లెవాళ్లం మనమైనా ఈ మాట మానుకోవాలి.

లెక్క చూడండి. ఒకప్పుడు బసవన్న చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమనీ, ఇప్పుడు స్తంభాలకూ ఆయనకూ మధ్య మనిషి పట్టడనీ మన పెద్దలు చెప్తారు. పై లెక్కన అరవై ఏళ్లలో పెరిగేది మూడంగుళాలు. మూడంగుళాలకే తిరిగే దారి మూసుకుపోతుందా? పెద్దల మాట నిజమైతే అంగుళం లెక్క చాలదు. అంగుళమే నిజమైతే పెద్దల మాట నిలవదు. రెండింటినీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టేవాళ్లు ఈపాటి గుణకారం కూడా చేయలేదు.

ఆ రాతికే పెరిగే గుణముందని ఇంకో వాదన. మన సీమలో రాయి పెరగడం వింత కాదు. బేలం గుహల్లో సున్నం కలిసిన నీరు చుక్కచుక్కగా కారి రాతి ఊడలు దిగాయి. అవి పెరిగింది నీటి వల్ల. మంటపం కింద కూర్చున్న బసవన్న మీద ఆ చుక్కలు ఎక్కడ పడుతున్నాయి?

బసవన్న పెరుగుతాడన్న మాటకు మూలం వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం. అంతకంతకూ పెరిగి కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని ఆయన మాటగా జనం చెప్పుకుంటారు. అందులో అంగుళం ఊసే లేదు. ఆ కాలజ్ఞానం పుట్టిందెక్కడ? గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ, మన రవ్వలకొండ గుహలో కూర్చుని స్వామి రాశారని కదా ఇక్కడ ఇంటింటా చెప్పుకునేది! ఆ తాళపత్రాలను పాతిన చోటే చింతచెట్టు మొలిచిందంటారు. బయటివాళ్లు మాత్రం స్వామి పేరెత్తగానే కందిమల్లాయపల్లె దగ్గరే ఆగిపోతారు. సమాధి అక్కడ ఉంది, కాదనను. మాట పుట్టిన ఊరిని వదిలేసి, ఎవరిదో తెలియని అంగుళాన్ని పట్టుకు వేలాడటమే నాకు కష్టంగా ఉంది. బసవన్నకు మొక్కు చెప్పుకునే తల్లి కొలత అడగదు. స్వామి మాటకు సర్కారు ముద్ర అక్కరలేదు.

కొలతే కావాలంటే సరిగా కొలవండి. స్తంభం మీద ఒక గుర్తు పెట్టి, ఏటా శివరాత్రికి అక్కడి నుంచి మూపురం దాకా ఎంత దూరముందో తేదీతో సహా గుడి దగ్గర బోర్డు మీద రాయాలని దేవాదాయ, పురావస్తు శాఖలను కోరుతున్నాను. మీ ఇళ్లలో పాత ఫోటోలుంటే వెతకండి. బసవన్న, పక్క స్తంభం రెండూ కనబడుతూ, వెనక తేదీ ఉన్న ఫోటో ఒక్కటి దొరికినా గుడికి నకలు ఇవ్వండి.