దిల్ గవాహ్ మాత్రమే, ఖాజీ కాదు

మొన్న షాబాన్ నెలలో మా పెద్దమ్మాయికి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయి ఇంజినీరు, దమ్మామ్‌లో నౌకరీ. నమాజు తప్పడు. ఇంటివాళ్ళు షరీఫ్ మనుషులు, జహేజ్ మాటే ఎత్తలేదు. నేను లోలోపల ఖుష్ అయిపోయాను. వాళ్ళు చాయ్ తాగి వెళ్ళాక మా ఆవిడ కప్పులు తీస్తూ, "ఏమోనండీ, నా దిల్ ఒప్పుకోవట్లేదు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. నాకు చిరాకేసింది. కారణం చెప్పలేని భయానికి ఇంత మంచి సంబంధం వదులుకుంటామా అన్నాను. మా అమ్మీజాన్ మాత్రం, "తల్లి దిల్ ఝూట్ చెప్పదు బేటా, వద్దని కబురు పంపెయ్" అంది.

ఆ రాత్రి ఇషా తర్వాత కూర్చుని ఆలోచిస్తుంటే హజ్రత్ ఉమర్ (రజి) గుర్తొచ్చారు. మన తారీఖులో దిల్‌లో ఉన్నది దాచుకోని మనిషి ఎవరంటే ముందు ఆయన పేరే వస్తుంది. ఆయన జీవితంలోని మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, దిల్ మాటను ఎలా వినాలో అర్థమవుతుంది.

మొదటిది హుదైబియా. హిజ్రీ 6, అంటే 628. ఉమ్రా కోసం బయలుదేరిన సుమారు 1400 మందిని మక్కావాళ్ళు ఆపేశారు. సులహ్ కుదిరింది. ఈ ఏడు ఉమ్రా చేయకుండానే వెనక్కి వెళ్ళాలి. మక్కా నుంచి పెద్దల అనుమతి లేకుండా ఎవరైనా మదీనాకు వస్తే తిప్పి పంపాలి. వినగానే ఉమర్ (రజి) దిల్ భగ్గుమంది. మనం హక్ మీద ఉండి ఇంత తగ్గడమేమిటని నేరుగా ప్రవక్త (స) దగ్గరికే వెళ్ళి అడిగారు. తర్వాత అబూబక్ర్ (రజి) దగ్గరికి వెళ్ళి అదే సవాల్ వేశారు. ఇద్దరి దగ్గరా ఒకటే జవాబు దొరికింది. రెండేళ్ళు తిరక్కుండానే మక్కా ఫతహ్ అయింది. ఆ రోజు తన దిల్ చెప్పింది గలత్ అని ఉమర్ (రజి) తెలుసుకున్నారు. ఆ తొందరపాటుకు పరిహారంగా తర్వాత ఎన్నో నేక్ పనులు చేశానని ఆయనే చెప్పుకున్నారు. ఆయన భావనలో ఇఖ్లాస్‌కు లోటు లేదు. అయినా అంచనా తప్పింది. గట్టిగా అనిపించడం వేరు, సరిగ్గా అనిపించడం వేరు.

రెండోది యమామా జంగ్ తర్వాతి మాట. అబూబక్ర్ (రజి) ఖిలాఫత్ మొదటి రోజులు. ఆ జంగ్‌లో ఖుర్ఆన్ కంఠస్థం చేసిన ఎంతోమంది షహీద్ అయ్యారు. ఉమర్ (రజి) దిల్‌లో ఖతరా గంట మోగింది. ఇలాగే ఇంకో రెండు జంగులు జరిగితే? ఖుర్ఆన్ మొత్తాన్ని ఒకచోట రాయించి భద్రపరచాలన్నారు. ప్రవక్త (స) చేయని పని నేనెలా చేయనని ఖలీఫా వెనకాడారు. ఉమర్ (రజి) తన దిల్ చెప్పింది కదా అని పంతం పట్టుకుని కూర్చోలేదు, అలిగి వెళ్ళిపోలేదు. దలీల్ చూపిస్తూ మళ్ళీ మళ్ళీ మాట్లాడారు. చివరికి అబూబక్ర్ (రజి) మనసు తెరుచుకుంది. పని అప్పగించిన జైద్ బిన్ సాబిత్ (రజి) కూడా ముందు అదే సందేహం వెలిబుచ్చారు, తర్వాత ఒప్పుకున్నారు. ఈసారి ఉమర్ (రజి) దిల్ చెప్పింది సహీ. కానీ అది ఇంకో ఇద్దరి అఖల్ ముందు నిలబడి నెగ్గాకే ఫైసలా అయింది.

మూడోది సర్గ్. ఇప్పుడు ఉమర్ (రజి) స్వయంగా ఖలీఫా. 639 ప్రాంతంలో షామ్‌కు బయలుదేరి, సరిహద్దులోని సర్గ్ అనే చోటికి చేరారు. లష్కర్ నాయకులు అబూ ఉబైదా (రజి) మొదలైనవాళ్ళు ఎదురొచ్చి, షామ్‌లో తాఊన్ పుట్టిందని ఖబర్ చెప్పారు. ముందుకెళ్ళాలా, వెనక్కి తిరగాలా? హుకుం ఇచ్చే అధికారం ఆయన చేతిలోనే ఉంది. అయినా ముందు తొలి ముహాజిర్లను పిలిచి మష్వరా అడిగారు. కొందరు వెళ్దామన్నారు, కొందరు వద్దన్నారు. అన్సార్లను పిలిచారు, వాళ్ళూ అలాగే రెండుగా చీలిపోయారు. ఆఖరికి ఖురైష్ పెద్దలను పిలిచారు. వాళ్ళంతా ఒకే మాటగా వెనక్కి తిరగమన్నారు. తెల్లారి ప్రయాణం వెనక్కేనని ఎలాన్ చేశారు.

అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. ఉమర్ (రజి) ఒక మిసాల్ ఇచ్చారు. లోయకు ఒక వైపు పచ్చిక, ఇంకో వైపు ఎండునేల ఉంటే, ఒంటెలను ఏ వైపు మేపినా అది అల్లాహ్ తఖ్దీరే కదా అన్నారు. ఒక తఖ్దీర్ నుంచి ఇంకో తఖ్దీర్‌కే వెళ్తున్నామన్నారు.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. ఏదో పని మీద వెళ్ళి మష్వరాలో లేని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడు వచ్చారు. తాఊన్ ఉన్న చోటికి వెళ్ళవద్దనీ, మీరున్న చోట అది పుడితే పారిపోవడానికి బయటికి రావద్దనీ ప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు. ఉమర్ (రజి) అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకుని వెనుదిరిగారు. ఆ అమ్‌వాస్ తాఊన్‌లో పాతికవేల మంది దాకా పోయారని పాత తారీఖు గ్రంథాలు చెబుతాయి. తన లష్కర్‌ను విడిచి రాని అబూ ఉబైదా (రజి) కూడా అందులోనే వఫాత్ అయ్యారు.

ఈ మూడూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. దిల్ ఒక గవాహ్. గవాహ్ చెప్పేది వినకుండా తరిమేయడం జుల్మ్. అలాగని గవాహ్‌నే ఖాజీ కుర్చీలో కూర్చోబెట్టకూడదు. నువ్వేం చూశావు, నీకెలా తెలుసు అని అడగాలి. నేను మా ఆవిడ సాక్ష్యాన్ని కొట్టిపారేశాను. అమ్మీజాన్ ఆ సాక్ష్యాన్నే తీర్పు చేసేసింది. మేమిద్దరం తప్పే చేశాం.

మర్నాడు మా ఆవిడ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను. "వాళ్ళమీద షక్ ఏమీ లేదండీ. మాటలు జరుగుతున్నంతసేపూ పిల్ల ముఖం మాడిపోయి ఉంది" అంది. అప్పుడు గుర్తొచ్చింది, మా మష్వరాలో లేని మనిషి ఎవరో. అమ్మాయిని పిలిచి అడిగాం. తల దించుకునే చెప్పింది. "రిష్తా మీద ఎత్రాజ్ లేదబ్బా. బీఈడీ ఇంకో ఏడాది ఉంది. మధ్యలో వదిలేసి వెళ్ళాలంటే ఏడుపొస్తోంది."

అబ్బాయివాళ్ళతో ఉన్నదున్నట్టు మాట్లాడాను. ఏడాది ఆగుతామన్నారు. ఇన్షా అల్లాహ్, పరీక్షలు అయ్యాక నిఖా.

మా ఆవిడ దిల్ ఝూట్ చెప్పలేదు. అది చూసిందేమిటో అడిగి తెలుసుకోవడానికే మాకు ఒక రాత్రి పట్టింది.