లండన్ ఖజానాలో మన కారీగర్లు

మన ఇళ్లల్లో లండన్ ఇప్పుడు దూరపు ఊరు కాదు. ఒకరి బేటా అక్కడ ఎమ్మెస్ చేస్తుంటాడు, ఇంకొకరి బేటీ ఆస్పత్రిలో నర్సు. వాళ్లను చూడ్డానికి వెళ్లిన అమ్మీ అబ్బాలు బిగ్ బెన్ ముందు, థేమ్స్ వంతెన మీద ఫోటోలు దిగి వస్తున్నారు. దిగండి, శౌఖ్ తీర్చుకోండి. రెండు రోజులు మిగిలితే మాత్రం అక్కడున్న మన తారీఖ్ కూడా చూసి రండి. పెద్ద మ్యూజియంలు చూడ్డానికి టికెట్ కూడా అక్కర్లేదు.

సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి మనవాళ్లు వెళ్తే టిప్పు పులి కోసమే వెళ్తారు. చెక్కతో చేసిన పులి, దాని కింద పడిన గోరా మనిషి. పిడి తిప్పితే పులి గాండ్రింపు, మనిషి మూలుగు వినిపించే యంత్రం. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక కంపెనీ ఫౌజు ఎత్తుకెళ్లిన మాల్‌లో ఇదొకటి. మన సీమ కిస్మత్ కూడా ఆ జంగులతోనే ముడిపడి ఉంది. టిప్పు దగ్గర గుంజుకున్న ఇలాకాల్లో నిజాం వాటాకి వచ్చినవాటిని 1800లో నిజామే కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే కడప, బళ్లారి వైపు ప్రాంతానికి దత్తమండలం అని పేరు వచ్చింది.

ఉర్దూ మీడియం బడిలో నేను చదివిన తారీఖ్ కితాబులో టిప్పు ఉన్నాడు. మా విశాఖ లేదు. అదే మ్యూజియం సేకరణలో విశాఖ ఉంది. విజగపటం అనే పాత పేరుతో ఉంది.

పద్దెనిమిదో సదీలో విశాఖపట్నం మద్రాసుకీ కలకత్తాకీ నడుమ ఓడలు ఆగే బందరు. ఆ రోజుల్లో ఇక్కడి వడ్రంగం పనికి విలాయత్‌లో మహా గిరాకీ. నల్లటి చెక్కలో ఏనుగు దంతం ముక్కలు పొదిగేవారు. దంతం మీద సన్నని గీతలు చెక్కి వాటిలో నల్ల లక్క నింపేవారు. దాంతో తెల్లటి దంతం మీద తీగలూ పూలూ కలంతో గీసినట్టు లేచి కనిపించేవి. ఆ పూలు ఈ తీరంలో అద్దిన చీటీగుడ్డల పూలకి అన్నదమ్ములే. 1756లో ఇక్కడికి వచ్చిన జాన్ కార్నెయిల్ అనే అంగ్రేజు మేజరు కూడా ఈ ఊరి గుడ్డల గురించి, దంతం పొదిగే హునర్ గురించి రాసిపెట్టాడు. తర్వాత తర్వాత గంధపుచెక్క పెట్టెకి మొత్తం దంతం రేకులే తొడగడం మొదలైంది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంట్లో అలాంటి కుర్చీల సెట్టు ఉండేది. 1781లో అతని సామాను వేలం వేస్తే మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం వాటిని కొన్నాడు. ఇప్పటికీ అవి రాజకుటుంబం సొత్తే.

కొన్న రాజు పేరుంది, అమ్మిన గవర్నరు పేరుంది. చేసిన కారీగర్ పేరు లేదు. కంసాలులు చేశారని మాత్రం రాస్తారు. మా అచ్యుతాపురం సెజ్‌లో వేల మంది ఆడపిల్లలు మిషన్ల మీద కుట్టే బట్టలు ఓడలెక్కి పరాయి ముల్కులకి పోతుంటాయి. వాటి మీదా కంపెనీ పేరే ఉంటుంది. మూడు సదీలు గడిచినా దస్తూర్ మారలేదు. అన్నట్టు, ఆ పెట్టెలూ కుర్చీలూ అన్నీ ఒకేసారి బయట పెట్టరు. వెళ్లేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో విజగపటం అని వెతికి, ఏ గదిలో ఏముందో చూసుకోండి.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి రాళ్లున్నాయి. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు వీటి తస్వీర్లే చూశాను, ఎదురుగా చూస్తే మాట రాదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ ఊరు కట్టించే రోజుల్లో, 1797లో, కాలిన్ మెకంజీ ఆ దిబ్బని చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి చాలా రాళ్లు గాయబ్. చెరువు కట్టడానికి కొన్ని పోయాయి, సున్నం కాల్చడానికి కొన్ని పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపితే అక్కడ పధ్నాలుగేళ్లు ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో లండన్ ఓడెక్కాయి. 1880లో ఈ మ్యూజియంకి చేరాయి. వాళ్లు దోచుకున్నారని ఒక్క మాటలో తేల్చడం నాకు నచ్చదు, వాళ్లే కాపాడారనడం అంతకన్నా నచ్చదు. సున్నం బట్టీ మనదే, ఓడ వాళ్లది. అసలు ఆ రాళ్లని ఇక్కడి వాళ్లని అడిగి తీసుకెళ్లారా అన్న సవాల్‌కి మాత్రం జవాబు లేదు.

టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూర్ ఉంది. దానికి టికెట్ ఖరీదెక్కువ, క్యూ పొడుగు. పల్నాడు వైపు కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్తారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

జుమా రోజు రీజెంట్స్ పార్క్ మస్జిద్‌కి వెళ్లండి. బంగారు రంగు గుంబద్, 1977లో పూర్తయింది. దీని వెనక హైదరాబాద్ కహానీ ఉంది. లండన్‌లో ఒక మస్జిద్ కట్టాలని లార్డ్ హెడ్లీ అనే నౌముస్లిం తిరుగుతుంటే ఏడో నిజాం అరవై వేల పౌండ్లు ఇచ్చాడు. 1928లో నిజామియా మస్జిద్ ట్రస్ట్ పుట్టింది. 1937లో వెస్ట్ కెన్సింగ్టన్‌లో పునాది రాయి కూడా పడింది, వేసింది నిజాం పెద్ద షహజాదా ఆజం జా. జంగ్ వచ్చి ఆ ఇమారత్ లేవలేదు. 1940లో చర్చిల్ హుకూమత్ మస్జిద్ జాగా కోసం లక్ష పౌండ్లు మంజూరు చేసింది. 1944లో ఆరో జార్జి రాజే వచ్చి ఇస్లామిక్ కల్చరల్ సెంటర్ తెరిచాడు.

ఇంకో రోజుంటే వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కి బ్రూక్‌వుడ్ ఖబ్రస్తాన్‌కి వెళ్లండి. మన అల్మారాల్లో ఉన్న రెండు ఇంగ్లీషు ఖురాన్ తర్జుమాలు చేసినవాళ్లు, పిక్తాల్, అబ్దుల్లా యూసుఫ్ అలీ, ఇద్దరూ అక్కడే పడుకున్నారు. పిక్తాల్ తర్జుమా హైదరాబాద్ కొలువులో ఉండగా పూర్తయి 1930లో అచ్చయింది. చాదర్‌ఘాట్ హైస్కూలుకి ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి. ఖబ్రస్తాన్ చాలా పెద్దది, ముస్లింల భాగం ఎటో గేటు దగ్గరే అడిగి లోపలికెళ్లండి. ఫాతెహా చదివి తిరుగు రైలు టైముకి స్టేషన్‌కి వచ్చేయండి.