పెంటలో పుట్టిన పాటకు పట్టా ఎవరిది?

నరసింహస్వామి చెంచులకు ఇంటి అల్లుడు. కనుమ నాడు అహోబిలంలో పల్లకి ఎక్కి, అత్తగారి తరఫు వాళ్లను పెళ్లికి పిలవడానికి బయలుదేరతాడు. చెంచులు ఆ పల్లకి మీదికి బాణాలు వేసి మరీ సాగనంపుతారు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి స్వామి మళ్లీ కొండకు చేరేసరికి నెల దాటిపోతుంది. ఈ పారువేటకూ, చెంచులక్ష్మి కథకూ ఉన్న పాటలు ఎవరు కట్టారని అడిగితే చెప్పేవాళ్లు లేరు. మా పెద్దలకు ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది.

సినిమావాళ్ల దగ్గర మాత్రం జవాబు ఉంది. చెంచులక్ష్మి కథ తెలుగులో రెండుసార్లు అదే పేరుతో తెరకెక్కింది. 1943లో కమలా కోట్నీస్, 1958లో అంజలీదేవి ఆ వేషం కట్టారు. 1943లోనే హైమన్‌డార్ఫ్ దొర చెంచుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకమూ అచ్చయింది. ఒకే ఏడాది వెండితెర మీద ఒక చెంచుపిల్ల, పుస్తకంలో ఇంకో చెంచుపిల్ల. సినిమాకూ పుస్తకానికీ హక్కుదారులు ఉండేవారు. నల్లమల పెంటలో ఉన్న పిల్లకు లేనిది అదే.

1958 సినిమాకు సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. గొప్ప సంగీతం, అందులో మాకు పేచీ లేదు. ఆ పాటలు మావని మేం అనడం లేదు కూడా. వేషం చెంచులది, బాణీ సినిమాది. చట్టం లెక్క మాత్రం చూడండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సంగీతం కట్టిన మనిషి పోయాక అరవై ఏళ్లదాకా హక్కు ఉంటుంది. రాజేశ్వరరావు 1999లో కన్నుమూశారు. అంటే ఆ బాణీలకు 2059 చివరిదాకా కావలి ఉంది. అదే కథను గూడెంలో పాడే అవ్వ బాణీకి ఒక్కరోజు కావలి కూడా లేదు. చట్టానికి కర్త పేరు కావాలి, ఆ కర్త పోయిన తేదీ కావాలి. మా పాటకు కర్త ఒకరు కాదు. పాడిన ప్రతి అవ్వా ఒక మాట చేర్చి పోయింది, ఒక మాట రాల్చి పోయింది.

ఇంకో సంగతి ఉంది. 1957 చట్టంలో మొదట, సంగీతమంటే అచ్చులోనో రాతలోనో ఉన్న స్వరం. కాగితం మీద లేని బాణీ చట్టం కంటికి సంగీతమే కాదు. 1994 సవరణ వచ్చాకే ఆ షరతు పోయింది. ముప్పై ఏడేళ్లపాటు నోటి మీద బతికే జాతుల పాటంతా చట్టానికి ఉత్త చప్పుడు!

ఇక పాటలు ఒకేలా వినిపించడం గురించి. రేనాడులో అది దొంగతనం కాదు, పాట బతికే పద్ధతి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. ఆయన పాట కోలాటంలోకి వెళ్లింది, కథ చెప్పేవాళ్ల నోటికి వెళ్లింది, ఊరు మారినప్పుడల్లా మాట మార్చుకుంది. కోలాటం గురువు దగ్గర బాణీలు కొన్నే ఉంటాయి, పాటలు మాత్రం బోలెడు. నంద్యాల వైపు సుగాలి తండాల్లో తీజ్ పాటలు వినండి. ఒక తండా పాటా పక్క తండా పాటా అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ‘ఇది ఫలానా పాట లాగే ఉందే’ అని ఎవరైనా అంటే అది మెచ్చుకోలే.

తగాదా ఎప్పుడొస్తుందంటే, ఉమ్మడి చెరువులో కడవ ముంచుకున్నవాడు చెరువుకే తాళం వేసినప్పుడు. పాత పాటను స్టూడియోలో రికార్డు చేస్తే ఆ రికార్డు మీద కంపెనీకి కొత్త హక్కు పుడుతుంది. పాట మీద కాదు, ఆ రికార్డు మీద మాత్రమే. కంపెనీ దాని గుర్తులను యూట్యూబు యంత్రానికి అప్పజెబుతుంది. రేపు తండా పిల్లవాడు వాళ్ల అవ్వ పాడిన పెళ్లిపాటను పెడితే, బాణీ కలిసిందని యంత్రం దాన్ని కంపెనీ ఖాతాలో వేయగలదు. రికార్డు వేరు, పాట వేరు అన్న తేడా యంత్రానికి పట్టదు. ఎదురు అర్జీ పెట్టుకునే వీలుంది. పెట్టే ఓపిక ఎంతమందికి?

2021లో ‘లవ్‌స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ పాట వచ్చింది. రాసినవారు సుద్దాల అశోక్‌తేజ, పాడింది మంగ్లి, మా అనంతపురం వైపు బంజారా ఆడబిడ్డ. పాట మూలం జానపదం. దాన్ని ఊళ్లోంచి ముందు తెచ్చిందెవరు, పేరు ఎవరికి దక్కాలి అని పెద్ద గొడవ జరిగి, చివరికి సర్దుబాటయింది. ఆ గొడవంతా సేకరించినవాళ్ల గురించే. పాటను అన్నాళ్లూ నోట మోసిన ఊరికి ఆ చర్చలో ఎవరూ కుర్చీ వేయలేదు.

పేరున్నవాళ్లకే కష్టంగా ఉంది మరి. డాగర్ కుటుంబం వారి ‘శివస్తుతి’ని ఎ.ఆర్.రహమాన్ ‘వీర రాజ వీర’లో వాడుకున్నారన్న కేసులో, 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి డాగర్ల పక్షాన ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరులో అదే కోర్టులో ఇద్దరు జడ్జీలు దాన్ని కొట్టేశారు.

దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో ‘ఎంబూబే’ అనే పాట రికార్డు చేశాడు. హక్కులు పది షిల్లింగులకు పోయాయి. అమెరికాలో ఆ బాణీ ఒకరి నుంచి ఒకరికి చేరి, 1961లో సింహం నిద్రపోతోందన్న పాటై, డిస్నీ ‘లయన్ కింగ్’ దాకా ఎక్కింది. లిండా 1962లో పేదవాడిగానే పోయాడు. ఆయన కూతుళ్ల పోరాటం 2006లో రాజీతో తెమిలింది. వాళ్లకైనా రికార్డు మీద వాళ్ల నాన్న పేరు ఉంది. పేరే లేని పెంట ఏం చూపించాలి?

చూపించడానికి రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి కాపీరైటు చట్టంలోనే, ప్రదర్శకుల హక్కు. అవ్వ బాణీకి హక్కు లేకపోయినా అవ్వ గొంతుకు ఉంది, యాభై ఏళ్లపాటు. ఆమె ఒప్పుకోకుండా ఆమె పాడింది రికార్డు చేసి అమ్ముకోకూడదు. కాబట్టి మైకు పట్టుకొచ్చినవాళ్లు వేలిముద్ర అడిగితే, ముందు ఆ కాగితం తెలుగులో చదివి వినిపించమనాలి. ఎంత ఇస్తారు, పేరు ఎక్కడ వేస్తారు అన్నది అందులో ఉండాలి.

రెండోది 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(కె). జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ చెందిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధోసంపత్తి మీద సామూహిక హక్కు అందులో ఉంది. ఇది కాపీరైటు కాదు, రేపే ఏ కంపెనీనీ ఆపదు. అయినా కర్త ఉండాల్సిన చోట ఒక మనిషి కాకుండా ఒక ఊరు నిలబడడానికి వీలిస్తుంది. సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బిలో దీనికి ఒక గడి ఉంది, పక్కన ‘ఏమైనా ఉంటే’ అని రాసి ఉంటుంది. దాన్ని మనవాళ్లు ఖాళీగా వదిలేయకూడదన్నది మా మాట. తేనెకు, గడ్డలకు, చెరువుకు రాసినట్టే పాటకూ రాయాలి. పాట మొదటి మాట, ఏ పండక్కి పాడతారు, ఏ గూడెంలో, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఫోనులో రికార్డు చేసిన తేదీ, గ్రామసభ తీర్మానం, కింద అందరి సంతకాలు.